పొయ్యి వెనక గోడ

వంటింట్లో పొయ్యి వెనకుండే గోడకు మా పెద్దవాళ్ల మాటల్లో ప్రత్యేకంగా ఒక పేరు లేదు. మేస్త్రీలు డాడో అంటారు, టైల్స్ అంగడివాళ్లు బ్యాక్‌స్ప్లాష్ అంటారు, మేము పొయ్యి గోడ అని సరిపెట్టుకుంటాం. పేరు లేకపోవడానికి కారణం ఉంది. మొన్నమొన్నటి దాకా పొయ్యి నేల మీద ఉండేది. వండే మనిషి పీట మీద కూర్చునేది. తాలింపు చిటపటలాడినా, పులుసు పొంగినా పడేది నేల మీదే. ఆ గోడకు పొగ తప్ప ఇంకేమీ అంటేది కాదు. చిందేది లేనప్పుడు, చిందకుండా కాపాడేదానికి పేరెందుకు పెడతారు?

మా పెద్దలు హిందూపురం వైపు నుంచి బట్టల వ్యాపారం మీద బెంగళూరు పేటకు వచ్చారు. ఇప్పుడు నడుస్తున్నది నాలుగో తరం. ఇల్లు అప్పుడప్పుడూ ముక్కలైంది, అతుకు పడింది, ముందు భాగం రోడ్డుకు పోయింది. వంటిల్లు మాత్రం కదల్లేదు. పోయినేడు ఆ పొయ్యి గోడకు కొత్త టైల్స్ వేయించాం, పాతవి తీయకుండా వాటి మీదనే. తీయాలా, కప్పాలా అని ఇంట్లో మూడు నెలలు వాదన నడిచింది. ఆ వాదనలో బయటపడిన సంగతులే ఇక్కడ రాస్తున్నాం. షోలాపూర్‌లో, బరంపురంలో, యానాంలో ఉన్నవాళ్ల ఇళ్లలోనూ ఇలాంటి గోడ ఒకటి ఉండే ఉంటుంది.

అడుగున ఉన్నది సున్నం. మట్టి, ఇటుక కలిపి కట్టిన గోడ మీద గార, దాని మీద ఏడాదికోసారి వెల్ల. సంక్రాంతికి ముందో ఉగాదికి ముందో, ఎవరి వీలును బట్టి వాళ్లు వేయించుకునేవాళ్లు. సున్నపు రాళ్లు తొట్టిలో వేసి నీళ్లు పోస్తే బుసబుసమని ఉడుకుతాయి. ఆ వేడి తగ్గాక వడగట్టి, కొంచెం జిగురు, చిటికెడు నీలిమందు కలిపి కుంచెతో పూసేవాళ్లు. పొయ్యి గోడకు మిగతా గోడలకంటే ఒక పూత ఎక్కువే పడేది, మసి అంత త్వరగా లొంగదు గనక. పాత పూతను గీకి తీసే అలవాటు లేదు. పొరలు లేచిన చోట మాత్రం చేత్తో రాల్చి, మిగతాదాని మీదే పూసేవాళ్లు. అంటే పాతదాని మీద కొత్తది వేయడం ఈ గోడకు మొదట్నుంచీ ఉన్న పద్ధతే. మా వాదనలో ఈ సంగతి చిన్నాయనకు బాగా పనికొచ్చింది.

ఇక్కడ ఒక పక్కమాట. తెలుగులో గార అంటే సున్నపు పూత. గారబొమ్మలు అంటాం కదా, అదే గార. కన్నడంలో దాన్నే గారె అంటారు, తాపీపనిని గారె కెలస అంటారు. మేమంతా చదివింది కన్నడ మీడియంలో, ఇంట్లో మాట్లాడేది తెలుగు. చిన్నప్పుడు ఎవరింట్లోనైనా 'గారె కెలస' జరుగుతోంది అంటే, అక్కడ పెద్ద బాణలి పెట్టి గారెలు వండుతున్నారనే అనుకునేవాళ్లం. పొద్దున్నే వెళ్లి చూస్తే ఇసక, గమేళా, తాపీ కనిపించేవి. రెండు భాషల నడుమ పెరిగిన పిల్లలకు ఇలాంటి నిరాశలు చాలానే ఉంటాయి.

గోడకు మెరుగు పెట్టిన టైల్స్ అతికించడం దక్కనులో కొత్తేమీ కాదు. అది వంటింటికి రాలేదు, అంతే. బీదరులో మహమూద్ గవాన్ 1472లో కట్టించిన మదరసా ముఖం మీద, మినారు మీద నీలం, పసుపు, తెలుపు టైల్స్ ముక్కలు ఈనాటికీ మిగిలున్నాయి. అదే ఊళ్లో రంగీన్ మహల్ ఉంది. హైదరాబాదులో కులీ కుతుబ్ షా కట్టించిన బాద్షాహీ అషూర్‌ఖానా గోడల టైల్స్ పని 1611 నాటిది. 1908 మూసీ వరదలో దాని అడుగు భాగం దెబ్బతింది. ఊడిపోయిన చోట ఆ రంగులనే గోడ మీద పూసి నింపారు. దూరం నుంచి చూస్తే అంతా ఒకటే, దగ్గరికెళ్తే ఏది టైలో ఏది పూతో తెలుస్తుంది. పాతదానికి కొత్తది ఎలా కలపాలన్న చిక్కు మా ఇంటికంటే చాలా ముందే ఆ గోడకు వచ్చిందన్నమాట.

రాజుల గోడ నుంచి మామూలు మనిషి గోడకు టైలు దిగిరావడానికి నాలుగు వందల ఏళ్లు పట్టింది. దిగింది కూడా ఇక్కడి చేతిపని నుంచి కాదు, ఇంగ్లండు యంత్రం నుంచి. 1840లో రిచర్డ్ ప్రాసర్ అనే ఆయన ఒక పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. తడి మట్టిని అచ్చు పోసే బదులు, దాదాపు పొడిగా ఉన్న మట్టిని గట్టిగా నొక్కి ముద్ద చేయడం. తడి తక్కువ కాబట్టి ఎండేటప్పుడు వంకరపోదు, అన్నీ ఒకే కొలతలో పలచగా వస్తాయి. ఆ పద్ధతి మొదట బొత్తాల తయారీకి, ఆ వెంటనే టైల్స్‌కు వాడారు. తర్వాత జపానువాళ్లు అందుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో యూరపు సరుకు తగ్గినప్పుడు, ఆరంగుళాల చదరంలో పూలు, లతలు ఉబ్బెత్తుగా ఉండే జపాను టైల్స్ మన రేవుల్లోకి దిగాయి. చెట్టినాడు మేడలు చూసినవాళ్లకు ఇవి తెలుసు. మన దేశంలో అమ్మడానికని దేవుళ్ల బొమ్మలతోనూ చేసేవాళ్లు. రెండో యుద్ధంతో ఆ రాకపోకలు ఆగాయి.

మా ఇంటి అరుగు వెనక గోడకు అలాంటివి ఒక వరస ఉండేవి. తామరపూవు, చుట్టూ పచ్చటి అంచు. ఎవరు తెచ్చారో, ఎంతకు కొన్నారో చెప్పగలిగినవాళ్లు లేరు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు అరుగుతో పాటు అవీ పోయాయి. కూలీలు పగలగొడుతుంటే మా జేజి కొంగు పట్టి నిలబడి నాలుగింటిని ముక్క కాకుండా ఏరుకుంది. అవి చాలాకాలం బియ్యం డబ్బా వెనక గోనెపట్టలో చుట్టి ఉండేవి. వాటి సంగతి మళ్లీ వస్తుంది.

గోడ కథలో అసలు మలుపు గ్యాసు. బర్మా షెల్ వాళ్ల బర్షేన్ సిలిండర్లు యాభైలలోనే పెద్ద ఊళ్లలో కొందరికి అందేవి. ఇండేన్ 1965లో కలకత్తాలో మొదలైంది. మా ఇంటికి వచ్చేసరికి డెబ్బైలు నడుస్తున్నాయి, పేరు రాయించుకుని ఏళ్లు కాచుకున్నాక. దాంతో పాటు ఒక నియమం వచ్చింది: పొయ్యి సిలిండరు కంటే ఎత్తులో ఉండాలి. నిలబెట్టిన సిలిండరు కింద, పొయ్యి దాని పైన. అంతే, వంట నేల మీద నుంచి లేచి నిలబడింది. పీట మూలకు పోయింది. జేజికి మొదట్లో నిలబడి వండడం వంటలాగే అనిపించలేదట, ఎవరో వెళ్లేదారిలో ఆగి గరిటె తిప్పినట్టు ఉండేదని చెప్పేది. వంటింటి చరిత్ర రాసేవాళ్లు గ్యాసు వల్ల పొగ పోయిందని రాస్తారు. అది నిజమే. కానీ ఆడవాళ్ల నడుములు, మోకాళ్లు, వంట చేస్తూ పక్కవాళ్లతో మాట్లాడుకునే తీరు, అన్నీ ఆ ఒక్క నియమంతో మారాయి. అది ఎవరూ పెద్దగా రాయలేదు.

నిలబడే వంటకు గట్టు కావాలి. గట్టు మీదికి రాయి కావాలి. ఆ రాయి కడప నుంచి వచ్చింది. కర్ణాటకలో కడప కల్లు, మహారాష్ట్రలో కడప్పా, ఎక్కడికి పోయినా ఆ నల్లరాయికి ఊరి పేరే పేరు. తెలుగు ఒక్క ముక్క రానివాళ్ల వంటింట్లో కూడా రోజూ కడప అనే మాట వినిపించిన కాలం అది. రాయి మంచిదే గానీ సున్నపురాయి జాతి. నిమ్మకాయ పిండితే, చింతపండు రసం ఒలికితే మచ్చ పడుతుంది. పులుసు తినే ఇళ్లలో ఆ గట్టు మీద ఆ ఇంటి కూరల చరిత్రంతా తెల్లటి మరకల్లో రాసి ఉండేది. తొంభైలలో దాని చోటుకు గ్రానైటు వచ్చింది. నల్లటి రాయిలో బంగారు చుక్కలుంటే అది ప్రకాశం జిల్లా చీమకుర్తిది. మేము తెలుగు దేశం వదిలి వచ్చి నాలుగు తరాలైంది గానీ, మా గట్టు మాత్రం రెండుసార్లూ అక్కడినుంచే వచ్చింది.

గట్టు పైకి లేవగానే గోడ మొదటిసారి బాణలికి ఎదురుగా వచ్చింది. నూనె చింది సున్నంలోకి ఇంకేది. ఒకసారి నూనె తాగిన చోట తర్వాతి వెల్ల నిలవదు, పొరలుగా లేస్తుంది. ఎన్నో ఏళ్లుగా మసిని కప్పిన సున్నం నూనె ముందు ఓడిపోయింది. అప్పుడొచ్చాయి తెల్లటి మెరుగు టైల్స్. ఇంగ్లండు కంపెనీ జాన్సన్ 1958లో మన దేశంలో తయారీ మొదలుపెట్టింది. మామూలు ఇళ్లలో అవి ముందు బాత్‌రూముకు, తర్వాత వంటింటికి చేరాయి. మా గోడకు గట్టు మీద నాలుగు వరసలు వేయించారు. రాత్రంతా తొట్టిలో నానబెట్టి, వెనక వేలెడు మందాన సిమెంటు, ఇసక కలిపిన మాలు పెట్టి, తాపీ పిడితో తట్టి కూర్చోబెట్టే పద్ధతి. ఆ వరసల నడుమ, పొయ్యికి సరిగ్గా వెనక, జేజి తన గోనెపట్ట విప్పి నాలుగు జపాను టైల్స్ పెట్టించింది. కొలత ఒకటే, ఆరంగుళాలు, అందుకని చక్కగా ఇమిడిపోయాయి. తెల్లటి గోడ మధ్యలో నాలుగు తామరలు. చూసినవాళ్లు ఇదేంటని అడిగేవాళ్లు. అరుగు, అనేది జేజి.

యాభై ఏళ్ల తర్వాత ఆ గోడ అలసిపోయింది. సందులు నల్లబడ్డాయి, మెరుగు మీద జుట్టులాంటి సన్నటి పగుళ్లు, వాటిలో పసుపు. ఎంత తోమినా తెల్లబడదు. మార్చాలన్న దాంట్లో అభిప్రాయభేదం లేదు. ఎలా అన్నదే గొడవ. మా పెద్దత్త కొట్టి తీసేయమంది, మురికి మీద మురికి ఎందుకని. చిన్నాయన కప్పమన్నాడు, సున్నం మీద సున్నం వేసినవాళ్లం కదా అని. మేస్త్రి కోలారు వైపువాడు, మా తెలుగే మాట్లాడతాడు. గోడంతా చూసి ఒక్క మాట అన్నాడు: "ఇది కొడితే పక్కింటోళ్ల గోడ కూడా వస్తాదన్నా." పేట ఇళ్లలో రెండిళ్లకూ ఒకే గోడ. వేలెడు సిమెంటు మాలు పట్టుకున్న టైలును ఉలితో లేపితే, లోపలి మెత్తటి గార, మట్టి, ఇటుకతో సహా ఊడొస్తాయి. పెద్దత్త అక్కడ మెత్తబడింది గానీ, తామరలను కప్పుతామంటే ఒప్పుకోనని తేల్చి చెప్పింది. మురికి వేరు, అవి వేరు అంది. కొట్టమన్నది ఆమే, కాపాడమన్నదీ ఆమే.

టైలు మీద టైలు అంటే ఒకప్పుడు జరిగే పని కాదు. సిమెంటు ఏదైనా పట్టుకుంటుందంటే దానికి సన్నటి రంధ్రాలు కావాలి, ఆ తడి లోపలికి ఇంకి అక్కడ గట్టిపడాలి. టైలు మెరుగు అంటే గాజు. గాజులోకి ఏమీ ఇంకదు. అందుకే పాతకాలం మేస్త్రీలు మీద వేయమంటే ముందు ఉలితో మెరుగంతా కాట్లు పెట్టేవాళ్లు, అయినా కొన్నేళ్లకు పలకలు పలకలుగా జారేవి. ఈ చిక్కు విప్పింది అమెరికాలో హెన్రీ రాథ్‌బర్గ్ అనే కెమికల్ ఇంజనీరు. సిమెంటులో రబ్బరు పాలలాంటి లేటెక్స్ కలిపి, వేలెడు మాలు చేసే పనిని రెండు మూడు మిల్లీమీటర్ల పూతతో చేయించాడు. 1956లో లాటిక్రీట్ కంపెనీ పెట్టాడు. ఆ కంపెనీకి మన దేశంలో భాగస్వామ్య సంస్థ ఉన్నది హైదరాబాదులోనే. ఇలాంటి అడ్హెసివ్‌లకు మన దేశ ప్రమాణం, ఐఎస్ 15477, 2004లో వచ్చింది, 2019లో సవరించారు. అంటే మేము చిన్నాయన మాట విని పాతికేళ్ల ముందు కప్పి ఉంటే ఆ గోడ నిలిచేది కాదేమో. సరైన కాలానికే అలసిపోయింది.

పని ఎలా జరిగిందో కొంచెం చెప్పాలి, మీలో కొందరికి అవసరం పడొచ్చు. అన్నిటికంటే ముందు తట్టి చూడడం. మేస్త్రి ఒక రూపాయి బిళ్లతో ఒక్కో టైలును నాలుగు మూలలా, నడుమా తట్టాడు. గట్టిగా ఉన్నది టక్కుమంటుంది, వెనక ఖాళీ ఉన్నది డొల్లగా మోగుతుంది. డొల్లవాటి మీద కొత్తది వేస్తే రెండూ కలిసి ఒకరోజు గట్టు మీద పడతాయి. సాఫ్ట్‌వేర్ తట్టి చూడడమే మా జీతం పని, అయినా ఇంత ఓపికగా ఎవరూ తట్టగా చూడలేదు. డొల్లగా మోగినవి ఆరు. వాటిని లేపి గుంటలు పూడ్చారు. తర్వాత సోడా నీళ్లతో నూనె జిడ్డు పోయేదాకా రెండుసార్లు కడిగి ఆరబెట్టారు. యాభై ఏళ్ల తాలింపు అది, మొదటి కడుగుకు నీళ్లు టీ రంగులో దిగాయి. ఆపైన చిన్న గ్రైండరుతో మెరుగును గరుకు చేసి, దుమ్ము తుడిచి, ప్రైమరు పూసి, పళ్లున్న తాపీతో అడ్హెసివ్ గీతలు గీతలుగా పరిచారు. ఆ గీతలన్నీ ఒకే దిక్కుకు ఉండాలి, అప్పుడే టైలు నొక్కినప్పుడు లోపలి గాలి బయటికి పోతుంది. ఒక రోజు ఆగి సందులు నింపారు.

లెక్కలు కూడా చూసుకోవాలి. ఎనిమిది మిల్లీమీటర్ల టైలు, నాలుగు మిల్లీమీటర్ల అడ్హెసివ్, మొత్తం గోడ 12 మిల్లీమీటర్లు ముందుకొచ్చింది. స్విచ్ పెట్టెలను ఆ మేరకు ముందుకు లాగాలి, కుళాయి గొట్టానికి అతుకు వేయాలి, పక్క అంచు కనిపించకుండా పట్టీ పెట్టాలి. బరువు మా కొద్దిపాటి గోడకే 30 కిలోలకు పైచిలుకు. కింది పొర గట్టిగా ఉంటేనే ఇది మోస్తుంది. రెండో పొర వరకే, మూడోది వద్దు అన్నాడు మేస్త్రి. అంటే మా తర్వాతివాళ్లకు ఈ దారి లేదు. వాళ్లు కొట్టి తీయాల్సిందే, పక్కింటివాళ్ల గోడతో ఏం పడతారో వాళ్ల ఇష్టం.

తామరల దగ్గర మాత్రం 12 మిల్లీమీటర్ల లెక్కే మాకు కలిసొచ్చింది. వాటి చుట్టూ కొత్త టైల్స్ వేసి, వాటిని ఉన్నచోటే వదిలేస్తే, అవి అంత లోతున చిన్న గూడులా ఉండిపోతాయి. అంచుకు సన్నటి స్టీలు పట్టీ. ఈ ఆలోచన మేస్త్రిదే. దీపం గూడు చేసినట్టే అన్నాడు. పెద్దత్త కొలతలు రెండుసార్లు అడిగి తెలుసుకుని, సరే అంది. గూట్లో జిడ్డు చేరుతుందని మా వదిన అంది, అది నిజమే, రోజూ ఒక గుడ్డ ఎక్కువ పడుతోంది.

డొల్లగా మోగిన ఆరింటిలో ఒకటి తామరే. నాలుగింటిలో ఎడమ పక్క కిందిది. దాన్ని లేపడానికి మేస్త్రి పొద్దంతా తీసుకున్నాడు, చుట్టూ సన్నటి రంపం బ్లేడు తిప్పి, కొంచెం కొంచెంగా. ముక్క కాలేదు. తిప్పి చూస్తే వెనక గళ్ల నడుమ 'మేడ్ ఇన్ జపాన్' అని ఇంగ్లీషు అక్షరాల ముద్ర, దానికి అంటుకుని రెండు రకాల మాలు. పైది బూడిదరంగు సిమెంటు, జేజి పెట్టించినప్పటిది. దాని కింద గళ్లలో ఇరుక్కుని కొంచెం తెల్లటి గార, అరుగు నాటిది.

టైలు ఊడిన చోట గోడ కూడా కనిపించింది. మాలు ముద్ద ఒకటి టైలుతో పాటే వచ్చేయడంతో గుంట అంచున వెల్ల పొరలు ఉల్లిపాయ కోసినట్టు తెలిశాయి. లెక్కపెట్టగలిగినవి పదకొండు. రెండింటిలో నీలం బాగా తెలుస్తోంది, ఎవరో ఆ ఏడు నీలిమందు ఎక్కువ వేశారు. ఒకటి లేత పసుపు. నడుమ ఒక పొర సన్నగా నల్లగా ఉంది. పెద్దత్త చూపుడు వేలితో ఆ గీతను తాకి, ఇది మా అత్తగారి కట్టెల పొయ్యిది, ఆ ఏడు వెల్ల వేయలేదేమో అంది. ఎందుకు వేయలేదని పిల్లలు అడిగారు. ఇంట్లో ఏదైనా జరిగి ఉంటుంది, ఆ ఏడు పండగ చేసుకుని ఉండరు అంది. మేస్త్రి ఆ పూట పని ఆపి టీకి వెళ్లొచ్చాడు. ఊళ్లో ఉన్న చుట్టాలు సాయంత్రానికి వచ్చి చూసిపోయారు, ఫోటోలు తీసుకున్నారు. మర్నాడు గుంట పూడ్చారు.

ఊడిన తామరను మళ్లీ అక్కడే పెట్టించాం. మిగతా మూడూ జేజి నాటి సిమెంటు మీదే గట్టిగా ఉన్నాయి, వాటి జోలికి పోలేదు. ఈ ఒక్కదానికి అడ్హెసివ్ వద్దని చిన్నాయన అన్నాడు. దాంతో పెడితే ఇంక ముక్కలు చేస్తే గానీ రాదు. చిక్‌పేటలో వెతికి సున్నం తెచ్చి, వారం నానబెట్టి, సన్నటి ఇసక కలిపి, పాత పద్ధతిలో గార చేయించి దాంతో పెట్టించాం. పొయ్యి వేడికి, తడికి అది ఎన్నాళ్లు పట్టుకుంటుందో అని మేస్త్రి తల అడ్డంగా ఊపాడు గానీ పెట్టాడు. వదులైతే మళ్లీ పెట్టుకుంటాం. సన్నటి కత్తి మొన పెట్టి లేపితే ముక్క కాకుండా వస్తుంది, ఎడమ పక్క కిందిది.